గడ్డకట్టిన తల్లిపాలు: కరిగించేవారి బాధ్యత

మా కోడలు ప్రసూతి సెలవు ముగించుకొని ఉద్యోగంలో తిరిగి చేరిన మొదటి రోజున, నేనూ నా శ్రీమతీ కలిసి ఆమె దాచి ఉంచిన పాలను వంటింటి సింకులో పారబోశాము. ఆ పాలు చెడిపోయినవి కావు. ఆ సంగతి సాయంత్రం దాకా మాకు తెలియలేదు. ముప్పైమూడు సంవత్సరాలు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి, ఎందరో తల్లులకు చనుబాల విలువను బోధించిన నేను చేసిన పొరపాటు ఇది. దానిని దాచుకోవడం కంటె చెప్పుకోవడమే మేలని, మరొక ఇంట అటువంటిది జరుగకూడదని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మన దేశంలో 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి మొదటి రెండు కాన్పులకు 26 వారాల పాటు వేతనంతో కూడిన సెలవు కల్పించారు. మా కోడలు అందులో నాలుగు వారాలు కాన్పుకు ముందే వాడుకున్నది. అందువలన పాపకు ఐదు నెలలు నిండుతుండగానే, మే నెల ఎండలలో, హైదరాబాదులోని తన కార్యాలయానికి వెళ్ళవలసి వచ్చింది. ఆరు నెలలు నిండేవరకు శిశువుకు తల్లిపాలు తప్ప మరేమీ, మంచినీళ్ళు సైతం, పట్టనక్కరలేదని ఆమెకు చెప్పినవాడిని నేనే. ఆమె ఆ మాట నిలబెట్టదలచింది. సెలవు ముగియడానికి నెల రోజుల ముందునుండి పాపకు పాలిచ్చిన తరువాత మిగిలిన పాలను పంపుతో తీసి, చిన్న చిన్న సంచులలో పోసి ఫ్రీజరులో దాచుతూ వచ్చింది. ఒక్కొక్క సంచిలో నూరు మిల్లీలీటర్లకు మించకుండా పోసి, గడ్డకట్టినప్పుడు పాలు ఉబ్బుతాయి గనుక పైన కొంత ఖాళీ విడిచి, ప్రతి సంచిమీద తేదీ, వేళ వ్రాసి పెట్టింది.

ముందురోజు రాత్రి ఆమె రెండు సంచులను ఫ్రీజరునుండి తీసి ఫ్రిజ్ కింది అరలో ఉంచి, "మామయ్యగారూ, ఇవి తెల్లవారేసరికి కరుగుతాయి. పాపకు ఆకలైనప్పుడు పట్టండి" అని చెప్పింది. నేను తల ఊపాను. ఇంతకంటె వివరంగా అడగడం నా వైద్యవృత్తికి చిన్నతనమనిపించింది కాబోలు.

పదకొండు గంటలకు పాప ఏడుపు మొదలుపెట్టింది. మా ఆవిడ ఒక సంచి తీసి వెలుతురులో పట్టుకొని చూసింది. పైన పసుపుపచ్చని మందపాటి పొర, కింద నీలిఛాయ గల పలుచని నీళ్ళవంటి పాలు, మధ్య చిన్న చిన్న తరకలు. మూత తీయగానే సబ్బువంటి వాసన. "ఏమండీ, పాలు విరిగిపోయినట్లున్నాయి" అన్నది. నేనూ చూశాను, వాసన పీల్చాను. "అవును, పారబోయి" అన్నాను. రెండవ సంచీ అలాగే ఉన్నది. అదీ పారబోశాము.

ఇక ఫ్రీజరులోనుండి గడ్డకట్టిన సంచి ఒకటి తీసి, పొయ్యిమీద మరుగుతున్న నీళ్ళను దించి అందులో పడవేశాను. సంచి అంచులు పొగలు కక్కుతున్నవి, నడుమ మాత్రం మంచుగడ్డ అలాగే ఉన్నది. పాప గుక్కపట్టి ఏడుస్తున్నది. ఆ తొందరలో సంచిలోని పాలను గిన్నెలో వంచి పట్టబోతే, మా ఆవిడ అలవాటు చొప్పున రెండు చుక్కలు తన మణికట్టుమీద వేసుకొని, ఉలిక్కిపడి చేయి వెనుకకు తీసుకున్నది. అవే చుక్కలు పసిదాని నాలుకమీద పడి ఉంటే ఏమయ్యేదో తలచుకొంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. చల్లారబెట్టి, చెంచాతో కలిపి పట్టాము. కలిపేసరికి పైపొరా లేదు, తరకలూ లేవు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు.

సాయంత్రం కోడలు వచ్చి ఫ్రిజ్ తెరచి, "రెండూ తాగిందా, అత్తయ్యా?" అని సంతోషంగా అడిగింది. విరిగిపోతే పారబోశామని మా ఆవిడ చెప్పింది. ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. "అవి విరగవు అత్తయ్యా. మీగడ పైకి తేలుతుంది, అంతే. కొద్దిగా కదిపితే కలిసిపోతుంది" అన్నది. తరువాత చాలా నెమ్మదిగా, "ఒకటి అర్ధరాత్రి రెండు గంటలకు తీసినది" అని, పాపను ఎత్తుకొని గదిలోకి వెళ్ళింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1970ల చివరి సంవత్సరాలలో పల్నాడులో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన రోజులు గుర్తుకు వచ్చాయి. మిరపకాయల కోతల కాలంలో బాలింతలు తెల్లవారకముందే కూలికి పోయి చీకటిపడ్డాక ఇల్లు చేరేవారు. చంటిబిడ్డలు అవ్వల దగ్గర ఉండేవారు. గేదెపాలలో సగానికి సగం నీళ్ళు కలిపి సీసాలో పోసి, ఆ సీసానే పొద్దుటినుండి మధ్యాహ్నం దాకా బిడ్డ నోటికి అందించేవారు. ఎండాకాలం వచ్చిందంటే మా ఆరోగ్య కేంద్రం వరండా నిండా విరేచనాలతో వాడిపోయిన పసివాళ్ళే. కళ్ళు లోతుకు పోయి, మాడు గుంటపడి, చర్మం పట్టి లాగితే మడత అలాగే నిలిచిపోయేది. తలమీది సన్నని రక్తనాళాలు వెదకి సెలైను ఎక్కించేవాళ్ళం. ఒకనాడు ఒక తల్లి చేలోనుండి పరుగెత్తుకొని వచ్చింది. ఆమె రవిక ముందుభాగమంతా పాలతో తడిసి ఉన్నది. రొమ్ములు సలుపుతుంటే గట్టుమీద కూర్చొని పాలు పిండి నేలపాలు చేశానని, ఇంతలో కబురు వచ్చిందని చెప్పింది. ఆ బిడ్డ దక్కలేదు.

తల్లి పాలు చేనిగట్టున ఇంకిపోతుంటే, బిడ్డ ఇంటిదగ్గర కలుషితమైన పాలు తాగి ప్రాణం విడిచిన రోజులవి. పాలను తీసి, చల్లగా దాచి, తల్లి లేని వేళ బిడ్డకు పట్టే సదుపాయం ఆనాటి ఆ తల్లికి లేదు. నేడు మా ఇంట ఉన్నది. ఉండి కూడా మేము ఆ పాలను నేలపాలు చేశాము. మరొకవైపు, కరిగించిన పాలను అజాగ్రత్తగా వాడితే ఆనాటి సీసాలో పెరిగిన సూక్ష్మజీవులే ఇందులోనూ పెరుగుతాయి. ఎంత కష్టపడి దాచినా, ఆ పాలు బిడ్డకు మేలు చేసేదీ వృథా అయ్యేదీ చివరి గంటలో, కరిగించేవారి చేతులలో తేలుతుంది. ఆ చేతులు చాలా ఇళ్ళలో మావంటి తాత అమ్మమ్మలవి, నాయనమ్మలవి. కనుక దేనికి భయపడనక్కరలేదో, దేనికి భయపడి తీరాలో మనం తెలుసుకోవాలి.

భయపడనక్కరలేనివి

గేదెపాలు కదపకుండా ఉంచితే మీగడ పైకి చేరినట్లే, తల్లిపాలలోని కొవ్వు కూడా పైకి తేలుతుంది. గడ్డకట్టేటప్పుడు కొవ్వు బిందువుల చుట్టూ ఉండే పలుచని పొర చిట్లిపోతుంది గనుక కరిగిన తరువాత చిన్న తరకలు కనిపించవచ్చు. సంచిని మెల్లగా గుండ్రంగా తిప్పితే అవి కలిసిపోతాయి. పాల రంగు కాస్త నీలంగానో పసుపుగానో ఉండడమూ సహజమే.

సబ్బువంటి వాసనకు కారణం లైపేజ్ అనే ఎంజైము. శిశువుకు కొవ్వును అరిగించుకోవడంలో తోడ్పడే పదార్థం ఇది. ఫ్రీజరు చలిలో కూడా ఇది మెల్లగా తన పని తాను చేసుకుపోతూ కొవ్వును విడగొడుతుంది. ఆ వాసన వలన హాని లేదు. పెక్కుమంది పిల్లలు అభ్యంతరం లేకుండా తాగుతారు. నిజంగా చెడిన పాలకు ముక్కుకు తెలిసే పులిసిన వాసన ఉంటుంది. కదిపినా కలియని ముద్దలు ఉంటాయి. అటువంటివి పారబోయాలి.

భయపడవలసినవి

అప్పుడే తీసిన తల్లిపాలలో సజీవమైన తెల్లకణాలు, ప్రతిరక్షకాలు, లాక్టోఫెరిన్, లైసోజైమ్ వంటి రక్షక పదార్థాలు ఉంటాయి. అవి సూక్ష్మజీవుల పెరుగుదలను కొంతసేపు అడ్డుకుంటాయి. పాలను గడ్డకట్టించినప్పుడు ప్రతిరక్షకాలు చాలావరకు నిలుస్తాయి గాని, సజీవకణాలు నశిస్తాయి. సూక్ష్మజీవులు మాత్రం పూర్తిగా చావవు. చలి వాటిని నిద్రపుచ్చుతుంది, అంతే. పాలు కరిగి వెచ్చబడగానే అవి మేలుకొంటాయి. అప్పటికి కాపలాదారులు తగ్గి ఉంటారు. అందుకే తాజా పాలకు ఉన్నంత వ్యవధి కరిగిన పాలకు ఉండదు. కరిగిన పాలను మళ్ళీ గడ్డకట్టించరాదనడానికీ కారణం ఇదే. ఈ మధ్యలో పెరిగిన సూక్ష్మజీవులన్నీ అలాగే పాలలో ఉండిపోతాయి.

రెండవ భయం వేడి. మైక్రోవేవ్ పొయ్యిలో పాలు ఒకచోట చల్లగా, మరొకచోట సలసల కాగుతూ ఉంటాయి. పాత్ర పైన తాకి చూస్తే లోపలి వేడి తెలియదు. బిడ్డ నోరు కాలుతుంది. పాలలోని రక్షక మాంసకృత్తులూ దెబ్బతింటాయి. మరుగుతున్న నీళ్ళలో సంచిని వేయడం వలన జరిగేదీ ఇంచుమించు అదే. ఆ పని చేసినవాడిని గనుక చెబుతున్నాను.

కరిగించే విధానం

అన్నిటికంటె మేలైనది మా కోడలు చేసిన పద్ధతి. మరునాటికి కావలసినన్ని సంచులను రాత్రే ఫ్రీజరులోనుండి ఫ్రిజ్ లోపలి అరలోకి మార్చాలి. తెల్లవారేసరికి కరుగుతాయి. ఈ విధంగా నిదానంగా కరిగించినప్పుడు కొవ్వు నష్టం కూడా కాస్త తక్కువ. సంచులకు కంటికి కనపడని చిల్లులు ఉండవచ్చు గనుక వాటిని శుభ్రమైన గిన్నెలో ఉంచడం మంచిది. ముందు తేదీ గల సంచిని ముందు వాడాలి.

తొందరగా కావలసివస్తే సంచిని గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో ఉంచవచ్చు, లేదా గోరువెచ్చని నీటిధార కింద పట్టుకోవచ్చు. ఆ నీటి వేడి 40 డిగ్రీల సెంటీగ్రేడు మించకూడదు. అందరి ఇళ్ళలో ఉష్ణమాపకం ఉండదు గదా! పసిబిడ్డకు లాలపోసే ముందు మన పెద్దవాళ్ళు మోచేయి ముంచి చూసేవారు. ఆ నీళ్ళు ఎంత వెచ్చగా ఉండాలో ఈ నీళ్ళూ అంతే. చల్లారితే నీళ్ళు మార్చాలి. సంచి మూతి నీళ్ళలో మునగకూడదు. తెరిచే ముందు సంచిని శుభ్రమైన బట్టతో తుడవాలి. ఇవన్నీ చేసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలని వేరే చెప్పనక్కరలేదు. గట్టుమీద పెట్టి గంటల తరబడి దానంతటదే కరగనివ్వడం మన ఎండలలో ప్రమాదకరం.

కరిగిన పాలను వెచ్చబెట్టి తీరాలన్న నియమమేమీ లేదు. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతమైన బిడ్డ చల్లని పాలు ఇష్టపడితే అలాగే పట్టవచ్చు. చల్లని పాలవలన జలుబు చేస్తుందని పెద్దవాళ్ళు భయపడతారు. జలుబుకు కారణం వైరస్‌లు, పాల చల్లదనం కాదు. వెచ్చబెడితే మాత్రం మణికట్టుమీద రెండు చుక్కలు వేసుకొని చూడకుండా బిడ్డ నోటిదాకా పోనివ్వవద్దు. మా ఇంట వైద్యశాస్త్రం తప్పటడుగు వేసినప్పుడు పాపను కాపాడింది మా ఆవిడకు ఉన్న ఈ పాత అలవాటే.

పట్టడానికి మేము సీసా వాడలేదు. రబ్బరు పీకలోని సందులను శుభ్రం చేయడం ఎంత కష్టమో పల్నాడులో చూసినవాడిని. పాల సీసాలకు వ్యాపార ప్రకటనలు ఇవ్వరాదని మన దేశంలో 1992లోనే చట్టం చేశారు. మా ఆవిడ అటకమీదినుండి మా పిల్లలనాటి ఉగ్గుగిన్నె తీసి, తోమి, నీళ్ళలో మరిగించింది. ఉగ్గుగిన్నెతో మరొక లాభమున్నది. ఒకేసారి సంచి అంతా వంచకుండా కొద్దికొద్దిగా పోసి పట్టవచ్చు. బిడ్డ నోటిని తాకిన పాలలోకి లాలాజలంతో పాటు సూక్ష్మజీవులు చేరుతాయి గనుక, ఎంగిలి పడ్డ పాలను దాచకూడదు. తాకని పాలు మాత్రం ఫ్రిజ్‌లో భద్రంగా ఉంటాయి.

వారం తిరిగేసరికి నేను ఒక కాగితంమీద, మా ఇద్దరి కళ్ళజోళ్ళకూ అందేటంత పెద్ద అక్షరాలతో, కాలపరిమితులు వ్రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతమైన శిశువుకు వర్తించే ఆ వివరాలు ఇవి:

1. అప్పుడే తీసిన పాలు: 25 డిగ్రీలు మించని గదిలో 4 గంటలు. మన వేసవిలో గది అంత చల్లగా ఉండదు. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లో 4 రోజులు.

2. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో: 6 నెలలలోపు వాడడం ఉత్తమం. తలుపు అరలో కాక, లోపలివైపు ఉంచాలి. ఒకే తలుపు గల చిన్న ఫ్రిజ్‌లోని మంచు అరలో అంత చలి నిలవదు. అందులో రెండు వారాలకు మించి ఉంచవద్దు.

3. ఫ్రిజ్‌లో కరిగిన పాలు: పూర్తిగా కరిగిన వేళనుండి 24 గంటలు.

4. కరిగిన పాలను బయటికి తీసినా, వెచ్చబెట్టినా: గరిష్ఠంగా 2 గంటలు. వేసవిలో గంటలోపే వాడాలి.

5. బిడ్డ తాగగా మిగిలినవి: తాగడం ముగించిన 2 గంటలలోపు పట్టాలి, లేదా పారబోయాలి.

6. పూర్తిగా కరిగిన పాలను మళ్ళీ గడ్డకట్టించకూడదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, ఆసుపత్రిలో ఉన్న పిల్లలకు నియమాలు ఇంకా కఠినంగా ఉంటాయి. అక్కడి వైద్యులు చెప్పినట్లే నడుచుకోవాలి. అలాగే, ఇంట్లో దాచిన పాలు ఆ తల్లి బిడ్డకు మాత్రమే. తల్లిపాల బ్యాంకులలో దాతలను ముందుగా పరీక్షించి, పాలను 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేసి శుద్ధిచేస్తారు. ఆసియాలో అటువంటి మొదటి బ్యాంకును 1989లో ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ నెలకొల్పారు. ఆ పరీక్షలు, ఆ శుద్ధి లేకుండా ఇరుగుపొరుగు తల్లుల పాలను ఇచ్చిపుచ్చుకోవడం తగదు.

గాలివాన నాటి పరీక్ష

ఆ నెల చివరలో ఒక సాయంకాలం గాలివాన వచ్చి మా వీధిలో చెట్టు కూలి విద్యుత్తు పోయింది. మరునాడు ఉదయం తొమ్మిదింటికి గాని రాలేదు. తలుపు మూసి ఉంచితే ఫ్రీజరు చాలాసేపు చలిని నిలుపుకుంటుంది. ఆ సంగతి తెలిసి కూడా, ఆత్రం పట్టలేక రాత్రి నేనే రెండు మూడుసార్లు తలుపు తెరచి చూశాను. ఉదయం కోడలు దిగులుపడుతూ ఆఫీసుకు వెళ్ళింది. కరెంటు వచ్చాక సంచులను ఒక్కొక్కటిగా బయటికి తీశాను. మొత్తం 19.

నడుమ ఉన్న పదకొండింటిలో వేళ్ళకు మంచుపలుకులు ఇంకా తగులుతున్నాయి. మంచు మిగిలి ఉన్న పాలను తిరిగి ఫ్రీజరులో పెట్టవచ్చు; పెట్టాను. నాలుగు సంచులు పూర్తిగా కరిగాయి గాని చల్లగానే ఉన్నాయి. వాటిని ఫ్రిజ్‌లో ఉంచి ఆ రోజే పాపకు పట్టాము. తలుపు పక్కన ఉన్న చివరి నాలుగింటిలో చల్లదనం లేదు.

ఆ నాలుగు సంచులు చేతిలో పట్టుకొని నేను చాలాసేపు నిలబడ్డాను. వాసన బాగానే ఉన్నది. తరకలు కూడా లేవు. తిరిగి ఫ్రీజరులో పెట్టేస్తే గంటలలో గడ్డకట్టి, మిగిలినవాటితో కలిసిపోతాయి. ఎవరికీ తెలియదు. మొదటిరోజు సాయంత్రం ఆ అమ్మాయి ముఖం కళ్ళముందు మెదిలింది. మళ్ళీ ఆమెకు ఆ మాట చెప్పవలసిన పని ఉండదు గదా అనిపించింది. అంతలో పల్నాటి వరండా గుర్తుకు వచ్చింది. ఆనాటి అవ్వ కూడా సీసాలోని పాలు బాగానే ఉన్నాయనుకొనే పట్టింది. నాలుగు సంచులూ సింకులో పోశాను. చెడని పాలను క్షణంలో పారబోసిన చేతులకు, ఈసారి ఆ పని చాలా బరువనిపించింది.

సాయంత్రం కోడలు గుమ్మంలోనే, "ఎన్ని పోయాయి మామయ్యగారూ?" అని అడిగింది.

"నాలుగమ్మా. తలుపు పక్కనున్నవి చల్లదనం పోయి ఉన్నాయి. రాత్రి తలుపు తెరిచింది నేనే."

ఆమె వేళ్ళమీద లెక్కపెట్టుకున్నది. "అయితే పదిహేను దక్కాయన్నమాట" అని, చేతులు కడుక్కొని వచ్చి పాపను అందుకున్నది.

ఇప్పుడు పాప మెత్తని అన్నం తింటున్నది. ఫ్రీజరులో సంచులు తగ్గాయి. తలుపుమీది కాగితం మాత్రం ఉన్నది. మీ ఇంట ఉద్యోగానికి వెళ్ళే బాలింత ఉంటే, ఆమె సెలవు ముగియడానికి వారం ముందే ఒక సంచి కరిగించి చూపించమని అడగండి. వయసులో పెద్దవాళ్ళం, మనకు తెలియనిదేమిటని మొహమాటపడవద్దు. నేను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, అర్ధరాత్రి రెండు గంటలకు తీసిన ఆ పాలు పాపకు దక్కి ఉండేవి.